తాలూకా గారూ, మీరింకా వెళ్లలేదా?

తాలూకా గారికి నమస్కారమండీ,

1985లో ఎన్టీఆర్ గవర్నమెంటు మిమ్మల్ని పక్కనపెట్టి మీ చోట వెయ్యికి పైగా మండలాలు తెచ్చింది కదా, మీతో పాటే మీ కింద కొన్ని ఊళ్ల గుంపుగా ఉండే ఫిర్కా కూడా ఇంటికెళ్లిపోయింది, పాపం దాన్నిప్పుడు తలుచుకునేవాడు లేడు. మీరు మాత్రం కదల్లేదు. కర్నూల్లో, ఒంగోల్లో పోలీస్ స్టేషన్ బోర్డు మీద ఇంకా దర్జాగా కూర్చునే ఉన్నారు. కర్ణాటకలో, తమిళనాడులో మీవాళ్లు డ్యూటీలోనే ఉన్నారు సరే, ఇక్కడ మీకు జీతం ఎవరిస్తున్నారండీ?

మండలం అంటే సంస్కృతంలో గుండ్రంది. మా మండలం మ్యాప్ చూస్తే తొక్కేసిన అప్పడంలా ఉంటుంది, అది వేరే విషయం. జిల్లా ఇంకా తమాషా, ఆ మాటకి అరబ్బీ మూలం పక్కటెముక. మనిషికే 24 ఉంటే తెలంగాణకి 10 కాస్తా 2016లో 31 చేసి తర్వాత 33 చేశారు, ఆంధ్రాకి 2022లో 13 తీసి 26 పెట్టారు. ఎముకలే పెరిగాయి, ఒళ్లు అంతే ఉంది.

మీ తహసీల్దారు గారి కథ ఇంకోటి. ఆయన్ని ఎమ్మార్వో అన్నారు, మాకది అలవాటయ్యేసరికి మళ్లీ తహసీల్దారన్నారు. మొన్న ఆటో అతన్ని తహసీల్దార్ ఆఫీసుకి పోనిమ్మంటే "అదెక్కడో తెలీదండీ, ఎమ్మార్వో ఆఫీసు దగ్గర దింపుతా, అక్కడ అడగండి" అన్నాడు.

మీరూ అరబ్బీ నుంచి వచ్చినవారే, తఅల్లుక్, అంటే తగులుకుని ఉండటం, సంబంధం. నిజాం రాజ్యంలో జిల్లా కలెక్టరంతటివాడు మీ పేరు తగిలించుకుని అవ్వల్ తాలూక్‌దార్ అనిపించుకున్నాడు. ఆ హోదా పోయింది గానీ ఇప్పటికీ పెళ్లికెళ్తే భోజనాల దగ్గర "మీరు పెళ్లికొడుకు తాలూకానా, పెళ్లికూతురు తాలూకానా" అనే అడుగుతారు, ఏ మండలం అని ఏ వడ్డించేవాడూ అడగడు. 2024లో అయితే బళ్ల నంబర్ ప్లేట్ల మీద "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అని ఎక్కేశారు, అంటించుకున్న కుర్రాళ్లకి అరబ్బీ ఒక్క ముక్క రాదు, అయినా సరిగ్గా మీ పుట్టుకనాటి అర్థంలోనే వాడారు. గవర్నమెంటు మీ దగ్గర లాక్కుంది పొలాలూ సర్వే నంబర్లే అన్నమాట.

ఈ ఉత్తరం కొరియర్ చేద్దామని మీ అడ్రస్ కొడుతుంటే మండలం అన్న గడి నింపందే ముందుకెళ్లట్లేదు. ఎల్లుండి మా వైపు ఒక పెళ్లుంది, మీవాళ్లెవరో ఒకరు వస్తారుగా, చేతికిచ్చి పంపిస్తా.

ఇట్లు,
మీ తాలూకా మనిషి