ముందు సిరా సంగతి తేల్చండి, పెన్ను తర్వాత

నీటిరంగులతో స్కెచ్చులు వేయడం మొదలుపెట్టిన పిల్లలు అన్నిటికంటే ముందు అడిగేది "ఏ పెన్ను కొనమంటారు?" అని. అడగవలసింది సిరా గురించి. బొమ్మను నిలబెట్టినా, ముంచినా సిరాయే. వేలు పోసి విదేశీ పెన్ను తెప్పించుకుని, అందులో మామూలు రాత సిరా పోసి, గోదావరి గట్టున కూర్చుని హేవలాక్ వంతెన ఉక్కు దూలాలన్నీ ఓపికగా గీస్తారు. ఆకాశానికి మొదటి వాష్, అంటే నీళ్లు కలిపిన పలచటి రంగు పూత, పెట్టగానే వంతెన మొత్తం నీలంగా కరిగి కిందికి జారిపోతుంది. ఆ తర్వాత చాలామంది పెన్ను జోలికే వెళ్లరు. తప్పు వాళ్ల చేతిది కాదని చెప్పేవారు ఉండరు. అందుకే ఈ పోస్టు.

మామూలు రాత సిరాలు చాలావరకు డై సిరాలు. రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. ఎండిన తర్వాత కూడా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. పిగ్మెంట్ సిరాలో రంగు కరగదు, అతి సన్నని రేణువులుగా నీటిలో తేలుతూ ఉంటుంది. నీరు ఆరాక ఆ రేణువులు కాగితపు నారలో ఇరుక్కుంటాయి, కుంచె తిప్పినా కదలవు. ప్లాటినం కార్బన్, సెయిలర్ కివాగురో, డి అట్రమెంటిస్ వారి డాక్యుమెంట్ సిరాలు ఈ కోవకు చెందినవి. నల్ల పిగ్మెంట్ అంటే సాధారణంగా కార్బన్, అంటే మసి. తాళపత్రం మీద గంటంతో గీసి ఆ గాట్లలోకి మనవాళ్లు రుద్దింది కూడా మసే. వందల ఏళ్ల నాటి తాళపత్రాల్లో అక్షరాలు ఇంకా నల్లగా కనిపిస్తున్నాయంటే అది మసి గొప్పతనమే.

నూడ్లర్స్ కంపెనీ నల్ల సిరా తీరు వేరు. దానిలోని రంగు కాగితంలోని సెల్యులోజును పట్టుకుంటుంది. నోటుపుస్తకంలో నీళ్లు పోసినా చెదరదు. కానీ నీటిరంగుల కాగితానికి జిగురు పూత ఉంటుంది. సిరా నారను చేరేలోపు కొంత ఆ పూత మీదే నిలిచిపోతుంది, వాష్ పడగానే అది మాత్రం పాకుతుంది. ఒకే సిరా ఒక కాగితం మీద నిలబడి, మరో కాగితం మీద చెదరడానికి కారణం ఇదే. సీసా మీద ఏమి రాసి ఉన్నా, మీరు వాడే కాగితం మీద చూసుకోనిదే నమ్మకండి.

నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి మరొకటి ఉంది. దుకాణానికి వెళ్లి నీళ్లకు చెదరని సిరా కావాలంటే ఇండియా ఇంకు సీసా చేతిలో పెడతారు. ఏ పెన్నులో పోస్తారని ఒక్క మాట అడగరు. అందులో సాధారణంగా లక్క నుంచి తీసే షెల్లాక్ ఉంటుంది. ముంచి గీసే పాళీకి అది చక్కటి సిరా, గీత మీద చిన్న మెరుపు కూడా వస్తుంది. అదే ఫౌంటెన్ పెన్నులో పోస్తే సన్నని దారుల్లో గట్టిపడిపోతుంది, నీళ్లతో కడిగితే రాదు. ఒక పిల్లవాడు దాచుకున్న డబ్బుతో కొనుక్కున్న పెన్ను ఇలా పోవడం అన్యాయం.

ఇక రాజమహేంద్రవరం పెన్నుల సంగతి. 1932లో స్వదేశీ స్ఫూర్తితో మొదలైన రత్నం పెన్నులంటే మనందరికీ అభిమానమే. 1935లో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారన్నది ఊరంతా చెప్పుకునే గర్వం. ఆ ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను చేతికి వెచ్చగా, తేలికగా ఉంటుంది, డ్రాపర్‌తో గొట్టంలోకి నేరుగా సిరా పోసుకోవచ్చు. బొమ్మలకు నేను దాన్నే ముందు చెబుతాను. కానీ అందులో పిగ్మెంట్ సిరా పోయవద్దు. గొట్టం పెద్దది, సిరా చాలా రోజులు వస్తుంది. రోజూ గీయకపోతే అన్ని రోజులూ రేణువులు లోపల అడుగుకు చేరుతూ ఉంటాయి. పోనీ కొంచెమే పోద్దామంటే మరో చిక్కు. గొట్టంలో ఖాళీ పెరిగితే గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను ముందుకు నెడుతుంది. మే నెల ఎండలో ధవళేశ్వరం గట్టు మీద గీస్తూ ఉండగా పాళీ చివర నుంచి నల్లటి బొట్టు ఆకాశం మధ్యలో పడుతుంది. పిగ్మెంట్ సిరాకు కన్వర్టర్, అంటే సిరా పీల్చుకునే చిన్న గొట్టం, ఉన్న చిన్న పెన్ను చాలు. మూత బిగుతుగా పట్టాలి, వారానికోసారి నీళ్లతో కడగాలి.

రాజమహేంద్రవరం పెన్నులో మరి ఏమి పోయాలి? కరిగే సిరానే పోయండి. కరిగే సిరా పనికిరాదనే మాట నేను ఒప్పుకోను. సఖినేటిపల్లి రేవులో పంటు దిగే జనాన్ని గోధుమరంగు డై సిరాతో గబగబా గీసి, నీడ పడే వైపు మాత్రమే తడి కుంచెతో ఒక్కసారి లాగి చూడండి. గీత సగం నిలుస్తుంది, సగం నీడగా మారుతుంది. వరద రోజుల్లో ఎర్రనీరు వచ్చినప్పటి గోదావరికి ఇంతకంటే తగిన రంగు పెట్టెలో దొరకదు. చాలా నల్ల సిరాలు తడిస్తే నీలం, ఊదా, ఎరుపు ఛాయలుగా విడిపోతాయి, అది కూడా పనికొచ్చేదే. అయితే డై రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. ఆ బొమ్మలు పుస్తకంలో ఉండాలి, గోడకు కాదు.

మన నేలలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చలిదేశాల వారి వీడియోల్లో రెండు నిమిషాలకు ఆరిపోయిందనే గీత, శ్రావణ భాద్రపదాల్లో కోనసీమలో ఆరదు. గాలిలోనే తేమ. పిగ్మెంట్ సిరా అయినా తడి మీద వాష్ పెడితే పాకుతుంది. మీ కాగితపు అంచు ఒకటి చింపి, దాని మీద వరుసగా గీతలు గీయండి. అర నిమిషానికి ఒకటి, రెండు నిమిషాలకు ఒకటి, పది నిమిషాలకు ఒకటి తడి కుంచెతో తుడవండి. ఏ గీత దగ్గర కుంచె తెల్లగా వస్తుందో అదే ఆ రోజుకు మీ సమయం. వానాకాలం వేరు, వేసవి వేరు, రెండు చీటీలూ దాచుకోండి. కాగితాన్ని గాలి చొరని సంచిలో పెట్టండి. తేమకు జిగురు పూత పాడైతే, 300 జీఎస్ఎం మందపాటి కాగితమైనా సిరాను పీల్చేసి గీతకు మీసాలు తెప్పిస్తుంది.

ఫైన్‌లైనర్లు, అంటే సిరా నింపే పని లేని సన్నమొన పెన్నులు, కూడా చెడ్డవి కావు. పిగ్మా మైక్రాన్‌లో ఉండేది పిగ్మెంటే, 01 అంటే పావు మిల్లీమీటరు గీత. కానీ గరుకు కాగితం మీద వాటి మొన త్వరగా అరుగుతుంది, అరిగితే పారేయడమే. డబ్బు లేని విద్యార్థికి బాల్ పెన్ను కూడా చాలు. దాని సిరాకు నూనె ఆధారం, నీటికి అంత తేలికగా లొంగదు.

రంగుల సామాను అమ్మే దుకాణాల వారిని ఒకటి అడుగుతున్నాను. కౌంటరు మీద ఒక కాగితం పెట్టండి. మీ దగ్గర దొరికే ప్రతి సిరాతో ఒక గీత, పక్కన అదే గీత మీద నీళ్ల వాష్, కింద సిరా పేరు, ఫౌంటెన్ పెన్నుకు పనికొస్తుందో లేదో ఒక మాట. ఒక పూట పని.