రుజువు బాధ్యత రోగిదా?

1968 నుంచి 1970 దాకా వియత్నాంలో అమెరికా నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్, నదుల ఒడ్డున పొదలు మాడిపోవడానికి ఏజెంట్ ఆరెంజ్ చల్లించారు. అదే చోట పనిచేసిన ఆయన కొడుకు 1988లో క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ రసాయనం బారిన పడ్డ సైనికులకు పరిహారం కోసం ఆ తండ్రే గట్టిగా పోరాడారు. 1991లో చట్టం వచ్చింది. వియత్నాంలో పనిచేసి, చట్టం జాబితాలోని జబ్బు వస్తే చాలు, పరిహారం ఇస్తారు. ఆ మందు ఎక్కడ, ఎప్పుడు మీద పడిందో బాధితుడు నిరూపించనక్కర్లేదు. జుమ్‌వాల్ట్ 2000 జనవరిలో మీసోథీలియోమాతో కన్నుమూశారు. ఆస్‌బెస్టాస్ (మన రాతినార) తెచ్చిపెట్టే క్యాన్సర్ అది. దాని బాధితులకు మాత్రం 1991 నాటి వెసులుబాటు ఈనాటికీ లేదు. ఇది అన్యాయమన్నది మా అభిప్రాయం.

సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే పారిపోవడానికి చోటుండదు. అందుకే 1930ల నుంచి 1970ల దాకా అమెరికా యుద్ధనౌకల్లో బాయిలర్లకు, ఆవిరి పైపులకు, టర్బైన్లకు రాతినార చుట్టారు. గ్యాస్కెట్లలో, పంపుల ప్యాకింగ్‌లోనూ అదే. బ్రెమర్టన్, నార్‌ఫోక్, పెర్ల్ హార్బర్, మేర్ ఐలాండ్ షిప్‌యార్డుల్లో రాతినార దిమ్మలను రంపంతో కోసేవారు, పొడిని బకెట్లలో కలిపి పైపులకు పూసేవారు. మరమ్మతుకు వచ్చిన ఓడలో పాత పూతను సుత్తితో కొట్టి ఊడదీయడం ఇంకా ప్రమాదం. పక్కనే పనిచేసే వెల్డరు, ఎలక్ట్రీషియను కూడా అదే దుమ్ము పీల్చారు. పని బట్టలు ఉతికిన ఇల్లాలికీ ఆ జబ్బే వచ్చిన సందర్భాలున్నాయి. ఆమెది ఏ ఉద్యోగం కింద రాసుకోవాలి?

తెలియక జరిగిందంటే కొంత అర్థం చేసుకోవచ్చు. కానీ 1943లోనే నౌకాదళం, మారిటైం కమిషన్ కలిసి కాంట్రాక్టు షిప్‌యార్డులకు ఇచ్చిన భద్రతా నియమాల్లో ఆస్‌బెస్టోసిస్ (రాతినార దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) పేరు స్పష్టంగా ఉంది. ఆ పని విడిగా చేయించాలని, గాలి పారేలా చూడాలని, ముక్కుకు రక్షణ ఇవ్వాలని, వైద్య పరీక్షలు జరపాలని అందులోనే రాశారు. ఆ తర్వాత 1946లో ఓ సర్వే వచ్చింది. నౌకల పైపులకు పూత వేసే 1,074 మందిని పరీక్షించి, ముగ్గురికే జబ్బు ఉందని, ఇది పెద్ద ప్రమాదకరమైన పని కాదని తేల్చింది. వారిలో 95 శాతం మంది ఆ పనిలో చేరి పదేళ్లయినా కాలేదు. జబ్బున్న ముగ్గురూ 20 ఏళ్లకు పైగా పనిచేసినవారు! రాతినార జబ్బు బయటపడటానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పడుతుంది. విత్తనం వేసిన మర్నాడే వెళ్లి మొక్క లేదని రాసుకొచ్చినట్టుంది ఆ లెక్క. అయినా ఏళ్ల తరబడి అందరూ దాన్నే అడ్డం పెట్టుకున్నారు.

ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో జబ్బు తేలిన మాజీ నావికుడు ఏం చేయాలి? ప్రభుత్వం మీద దావా వేయలేడు. సర్వీసులో జరిగిన హానికి అది కుదరదని 1950లో సుప్రీంకోర్టు చెప్పేసింది. రాతినార సరుకు అమ్మిన పెద్ద కంపెనీ జాన్స్-మాన్‌విల్ 1982లోనే దివాలా పిటిషన్ పెట్టింది. అలాంటి కంపెనీలు బాధితుల కోసం పెట్టిన ట్రస్టుల నుంచి కొంత డబ్బు వస్తుంది, అదీ లాయర్ల చుట్టూ తిరిగితే. మిగిలింది మాజీ సైనికుల బాగోగులు చూసే వెటరన్స్ వ్యవహారాల శాఖ. మీసోథీలియోమా సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పుకుంటే 100 శాతం వైకల్యం కింద పరిహారం ఇస్తుంది. ఒప్పించడమే కష్టం. ఏ ఓడలో, ఏ పనిలో ఆ దుమ్ము తగిలిందో పాత రికార్డులు తవ్వాలి, దానికీ జబ్బుకూ లంకె ఉందని డాక్టరు చేత రాయించాలి. జబ్బు తేలాక చాలామంది బతికేది ఏడాది, ఏడాదిన్నర. అందులో సగం కాగితాలకే పోతే ఎలా?

విచిత్రం ఏమిటంటే, నౌకాదళంలో ఏ పనివారికి ఆస్‌బెస్టాస్ తగిలే అవకాశం ఎంతో చెప్పే పట్టిక ఆ శాఖ దగ్గరే ఉంది. బాయిలర్ పనివారికి ఆ అవకాశం చాలా ఎక్కువని అందులోనే రాసి ఉంది. సర్కారు తానే ఒప్పుకున్న సంగతిని రోగి మళ్లీ రుజువు చేయడం దేనికి? ఆ పట్టికలో పైవరుసలో ఉన్నవారికి మీసోథీలియోమా, ఆస్‌బెస్టోసిస్ వస్తే అది సర్వీసు వల్లేనని చట్టం ముందే అనుకోవాలి. 2022 నాటి పాక్ట్ చట్టంలో ఇరాక్, అఫ్గానిస్థాన్ సైనిక స్థావరాల్లో తగలబెట్టిన చెత్త పొగ పీల్చినవారికి చేసింది అదే. ఖజానాకు భారమన్న వాదన మీసోథీలియోమా విషయంలో నిలవదు. అమెరికా అంతటా ఏటా ఆ జబ్బు తేలేది సుమారు 3 వేల మందికి. వారిలో నావికులు ఒక భాగమే.

మేర్ ఐలాండ్ యార్డు 1996లో మూతపడింది. అక్కడ పక్కపక్కన నిలబడి పైపులు ఊడదీసినవాళ్లు తలోదిక్కూ చెదిరిపోయారు. సాక్ష్యం రాసివ్వడానికి తోటి పనివాణ్ని వెతుక్కుంటూ వెళ్తే, చాలాసార్లు తలుపు తీసేది అతని భార్యే.