చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ నిజంగా దండగేనా?

“చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ దండగ. ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ నంబరు ఉంటే చాలు. గిరాకీ నోటిమాట మీదే వస్తుంది. వెబ్‌సైట్లు ఇప్పుడెవరూ చూడరు, పైగా వాటికి బోలెడు ఖర్చు.” ఈ అర్థం వచ్చే సందేశం ఒకటి చాలాకాలంగా చేతులు మారుతోంది. చిన్న వ్యాపారికి నాలుగు డబ్బులు మిగల్చాలన్న సదుద్దేశం అందులో ఉన్నా, చెప్పిన నాలుగు కారణాల్లో ఒక్కటే, అదీ సగమే, నిలబడుతుంది.

పేజీ ఉంటే చాలన్నది మొదటి కారణం. పేజీ వద్దని ఎవరూ అనరు. అయితే అందులో పెట్టిన సమాచారం ఎవరికి కనిపించాలో నిర్ణయించేది వ్యాపారి కాదు. న్యూస్‌ఫీడ్‌లో స్నేహితుల, కుటుంబ సభ్యుల పోస్టులకు ప్రాధాన్యం పెంచి, వ్యాపార పేజీల పోస్టులకు తగ్గిస్తున్నట్టు ఫేస్‌బుక్ 2018 జనవరిలో ప్రకటించినప్పుడు, ఏళ్ల తరబడి ఫాలోవర్లను కూడగట్టుకున్నవారు చూస్తూ ఊరుకోవడం తప్ప చేయగలిగింది లేకపోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ప్రపంచమంతటా దాదాపు ఆరు గంటలపాటు ఆగిపోయాయి. మూడూ ఒకే సంస్థవి కావడంతో, ఒకటి పోతే ఇంకొకటి ఉందిలే అనుకున్నవారికి ఆ పూట ఏదీ మిగలలేదు.

గూగుల్ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్‌లో దుకాణం వివరాలు చూపే ‘బిజినెస్ ప్రొఫైల్’ ద్వారా వ్యాపారులు ఉచితంగా తయారుచేసుకున్న సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో నిలిపివేసింది. అంటే వెబ్‌సైట్ అన్న పేరుంటే సరిపోదు, చిరునామా కూడా మనదై ఉండాలి. డొమైన్ పేరుకూ, అంటే సైటు చిరునామాకూ, ఏటా రుసుము కట్టాలి కదా, అదీ అద్దెదే కదా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ రుసుము కట్టినంతకాలం ఆ పేరు మన చేతిలో ఉంటుంది. హోస్టింగ్, అంటే సైటును ఇంటర్నెట్‌లో ఉంచే సేవ, నచ్చకపోతే సైటును మరో చోటికి మార్చి అదే చిరునామాను అటు తిప్పుకోవచ్చు, కొనుగోలుదారుకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఫేస్‌బుక్ పేజీని ఫాలోవర్లతో సహా అలా వేరే చోటికి తరలించే వీలు లేదు.

గిరాకీ నోటిమాట మీద వస్తుందన్నది నిజమే, కానీ ఆ మాట విన్న మనిషి ఆ తర్వాత ఏం చేస్తారన్నది సందేశం రాసినవారికి తట్టినట్టు లేదు. ఫోను తీసి ఆ పేరును వెతుకుతారు. ఏ పనులు చేస్తారు, ఏవి చేయరు, ఎప్పుడు తెరిచి ఉంటుంది, ధర ఏ లెక్కన కడతారు, ఇంతకుముందు చేసిన పని ఎలా ఉంది అన్న ప్రశ్నలకు అక్కడ ఒకేచోట జవాబు దొరికితే, సిఫారసు బేరం దాకా వెళుతుంది. వాట్సాప్‌లో ఇదే సమాచారాన్ని అడిగిన ప్రతి ఒక్కరికీ మళ్లీ మళ్లీ పంపాలి, పేజీలోనేమో కొత్త పోస్టుల కింద అది కూరుకుపోతుంది. పైగా వాట్సాప్ సంభాషణల్లోని జవాబులు సెర్చ్ ఇంజన్లకు అందవు. ఫలానా యంత్రం ఫలానా శబ్దం చేస్తే ఏం బాగుచేయాలో మరమ్మతుదారు తన సైటులో ఒక పేజీ రాసి ఉంచితే, ఆయన పేరు ఎన్నడూ వినని మనిషి కూడా ఆ ఇబ్బంది గురించి వెతుకుతూ ఆయన దగ్గరికి చేరవచ్చు. నోటిమాట అంత దూరం వెళ్లలేదు.

వెబ్‌సైట్లు ఎవరూ చూడరన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. కాలక్షేపానికి చూడరు, అవసరం పడ్డప్పుడు చూస్తారు. అమ్మేవారికి కావలసింది ఆ రెండో రకం చూపే.

ఇక ఖర్చు. సగం నిలబడుతుందన్నది ఈ కారణమే. సైటు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ 2003 నుంచి ఉచితం. సైటుకూ చూసేవారికీ మధ్య నడిచే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే భద్రత సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. నాలుగైదు పేజీల సైటుకు హోస్టింగ్ భారమేమీ కాదు. అసలు ఖర్చు సమయం రూపంలో ఉంటుంది. మారిన ఫోను నంబరును, పెరిగిన ధరను ఎప్పటికప్పుడు సరిదిద్దే ఓపిక లేనివారికి సైటు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే తప్పు సమాచారాన్ని నమ్మి వచ్చి వెనుదిరిగిన మనిషి మళ్లీ రావడం కష్టం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సైటు తయారుచేసే వ్యక్తి డొమైన్‌ను తన ఖాతాలో, తన పేరు మీద నమోదు చేస్తే, ఫేస్‌బుక్ పేజీ విషయంలో చెప్పుకున్న చిక్కంతా ఇక్కడికీ వస్తుంది. అందువల్ల డబ్బు ఇచ్చేముందే నమోదు ఎవరి పేరున జరుగుతోందో, ఖాతా పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుందో అడిగి తెలుసుకోవాలి.