‘మీరు’ నుంచి ‘నువ్వు’ దాకా

మొదటి వారం ‘సార్’. రెండో వారం ఉత్త పేరు. మూడో వారానికి ‘ఏం, కట్టే ఉద్దేశం ఉందా లేదా నీకు?’. క్రెడిట్ కార్డు బాకీ పడ్డవాడు గడువు దాటి ఎన్నాళ్లయిందో తెలుసుకోడానికి స్టేట్‌మెంట్ తియ్యక్కర్లేదు. ఫోన్లో అవతలివాడు మీరంటున్నాడా నువ్వంటున్నాడా చూసుకుంటే చాలు.

ముందే చెప్పేస్తాను, బాకీ నాదే. కార్డు గీకింది నేను, నా చెయ్యి పట్టుకుని ఎవరూ గీకించలేదు. దాదాపు రెండేళ్లు మినిమమ్ డ్యూ (నెలనెలా కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతూ, అప్పు తీరుస్తున్నాననే అనుకున్నాను. బాకీ 80 వేలు. నెలకి 3.5 శాతం వడ్డీ అంటే 2,800. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 504. నేను కట్టే మినిమమ్ 4,000. అసలులో తగ్గేది 696 రూపాయలు! ఒకసారి బండికి పెట్రోలు కొట్టిస్తే అదీ పోయేది. పైగా పాత బాకీ మోస్తున్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. ఇంత చిన్న లెక్క నేను కాగితం మీద వేసుకున్నది ఉద్యోగం పోయాక. చదువుకున్నవాణ్ణని చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

(2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కార్డు బాకీల మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ గుంజడం తప్పంది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కోర్టు చెప్పిన కారణాలు కోర్టువి. నాకు మటుకు నెలకి మూడున్నర అని చిన్న అక్షరాల్లో రాసినదాన్ని ఏడాదికి 42 అని పెద్ద అక్షరాల్లో రాయించినా చాలనిపిస్తుంది.)

ఏడు నెలలు ఒక్క రూపాయి కట్టలేకపోయాను. 80 వేలు కాస్తా లక్షా 12 వేలయింది. ఈలోపు ఫైలు బ్యాంకు చేతి నుంచి బాకీలు వసూలు చేసే ఏజెన్సీ చేతికి వెళ్లింది. రోజుకి పదిహేను, ఇరవై కాల్స్. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. అది నా ఒక్కడికే పరిమితమైతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. కార్డు తీసుకునేటప్పుడు ఫారంలో రిఫరెన్స్ అని ఉన్నచోట మా అక్క భర్త నంబరు రాశాను. ఒకరోజు రాత్రి 9:40కి ఆయనకి ఫోన్ చేసి, ‘మీ బావమరిది మీద ఫ్రాడ్ కేసు పెడుతున్నాం, మీ పేరు కూడా ఉంది’ అన్నారు. రిఫరెన్స్ ఇచ్చినవాడు హామీదారు కాదు, ఆయన పైసా కట్టక్కర్లేదు. కానీ ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది? బావ నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత కలిసినప్పుడు పక్కకి పిలిచి, ‘ఏమైనా సర్దమంటావా?’ అని మెల్లగా అడిగాడు. ఏజెంటు తిట్లన్నీ ఒకెత్తు, ఆ ఒక్క మాట ఒకెత్తు.

అప్పుడు అర్థమైంది, ఈ వ్యాపారం మొత్తం మన సిగ్గు మీద నడుస్తోందని. కోర్టుకెళ్లాలంటే బ్యాంకుకి ఖర్చు, కాలం. మన ఇంట్లోవాళ్ల ముందు మన తల దించడానికి ఒక ఫోన్ కాల్ చాలు.

ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని రూల్స్ చదివాను. అంతకుముందే చదివుంటే ఎంత బాగుండేదో. 2022 ఆగస్టు 12న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్లో స్పష్టంగా ఉంది: బాకీ కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. బెదిరించకూడదు. నలుగురిలో పరువు తియ్యకూడదు, ఇంట్లోవాళ్ల జోలికీ స్నేహితుల జోలికీ రిఫరెన్సుల జోలికీ పోకూడదు. ఏజెంటు హద్దు మీరితే బాధ్యత బ్యాంకుదే. ఇంటికొచ్చేవాడి దగ్గర గుర్తింపు కార్డూ బ్యాంకు ఇచ్చిన అధికార పత్రమూ ఉండాలని 2008 నుంచే ఉంది. ‘మా ఏజెన్సీ చేసింది, మాకు సంబంధం లేదు’ అని కస్టమర్ కేర్ వాళ్లు చిలక పలుకులు పలికితే నమ్మకండి.

ఇక పోలీసులు, అరెస్టు. డబ్బు లేక కార్డు బాకీ కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. బాకీ తీర్చే స్తోమత నిజంగా లేనివాణ్ణి ఆ ఒక్క కారణంతో జైల్లో పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. కాకపోతే ఇక్కడో గుంట ఉంది, నేను అందులో కాలు పెట్టబోయాను. ‘సెటిల్‌మెంట్ చేసుకుందాం సార్, మూడు పోస్ట్ డేటెడ్ చెక్కులివ్వండి’ అన్నాడు ఏజెంటు, మళ్లీ మర్యాదగా. చెక్కు బౌన్స్ అయితే సెక్షన్ 138, అది క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. సివిల్ బాకీని మన సంతకంతోనే క్రిమినల్ కేసుగా మార్చుకోవడమన్నమాట. ఖాతాలో డబ్బుంటుందన్న గ్యారంటీ లేకపోతే చెక్కు రాయకండి.

మర్నాటి నుంచి నా జవాబు ఒకటే. ‘మీ పేరు, ఏజెన్సీ పేరు, అధికార పత్రం మెయిల్ చెయ్యండి. కాల్ రికార్డవుతోంది.’ సగం మంది అక్కడే పెట్టేశారు. బావకి వచ్చిన కాల్ తేదీ, టైము, స్క్రీన్‌షాట్ జతచేసి బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాశాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్తానని చివర్లో రాశాను. తొమ్మిదో రోజుకి జవాబొచ్చింది. బావ ఫోన్ మళ్లీ మోగలేదు.

‘కట్టకండి, ఏం పీకలేరు, మూడేళ్లు ఆగితే అప్పు మాఫీ’ అని రీల్స్ చేసే మేధావులున్నారే, వాళ్ల మీద నాకు ఏజెంట్ల మీదకన్నా ఎక్కువ మంట. మూడేళ్లన్నది కోర్టులో దావా వెయ్యడానికి గడువు. ఆలోపు బ్యాంకు దావా వేస్తే? గడువు దాటినా సిబిల్లో, అదే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే చోట, మచ్చ ఎవరు తుడుస్తారు? రేపు ఇంటి లోనుకి వెళ్తే ఆ రీల్ చూపిస్తామా మేనేజరుకి?

నిజం చెప్పాలంటే ఏజెంట్లందర్నీ తిట్టబుద్ధి కాదు. ఒక కుర్రాడు, గొంతు వింటే ఇరవై రెండేళ్లుంటాయేమో, నేను పేరు అడగ్గానే తడబడి ‘అన్నా, నెలాఖరు, టార్గెట్ ఉంది’ అన్నాడు. వాడికీ ఏదో ఈఎంఐ ఉండే ఉంటుంది. ఆ బూతులు వాడికి నేర్పి ఏసీ గదిలో కూర్చున్నవాడెవడో వాడి నంబరు మాత్రం ఏ ట్రూకాలర్లోనూ దొరకదు.

కొత్త ఉద్యోగం దొరికాక 78 వేలకి సెటిల్ చేసుకున్నాను. బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి లెటర్ వచ్చేదాకా పైసా కదిలించలేదు, వచ్చాక నేరుగా కార్డు ఖాతాకే కట్టాను. ఏజెంటు ఇచ్చిన యూపీఐకి కాదు. సిబిల్లో ‘క్లోజ్డ్’ బదులు ‘సెటిల్డ్’ అని పడింది. పూర్తిగా కట్టలేకపోయినవాడని దానర్థం, చూసిన ప్రతి బ్యాంకుకీ తెలుస్తుంది. తెలిసే ఒప్పుకున్నాను.

ఇక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూ సర్టిఫికెట్ వచ్చిన పదకొండో రోజు కొత్త నంబరు నుంచి ఫోన్. ఇంకో ఏజెన్సీ, కొత్త గొంతు.

‘నమస్తే సార్, మీ క్రెడిట్ కార్డు బాకీ గురించి...’

మళ్లీ ‘సార్’. పేరు, మెయిల్ ఐడీ చెప్పమని పెన్ను తీశాను.