‘ఈఎఫ్-వీవీఎస్’ మోజులో కరిగిపోతున్న ఉంగరం బడ్జెట్

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో వజ్రాల కౌంటర్ ముందు కూర్చోగానే తరచూ వినిపించే మాట ‘మా దగ్గర అన్నీ ఈఎఫ్-వీవీఎస్ అండీ’. రంగులోనూ, క్లారిటీలోనూ, అంటే లోపల మచ్చలు లేకపోవడంలోనూ పై తరగతి వజ్రాలని దానర్థం. హోర్డింగుల మీదా అదే. నిశ్చితార్థంలో పెళ్లికూతురికి తొడిగే ఉంగరం కోసం లక్షో లక్షన్నరో పక్కన పెట్టుకున్న ఇంటికి ఆ మాట పెద్ద భరోసాలా ఉంటుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు అక్కడి దుకాణాల్లో జీ-హెచ్ రంగు, వీఎస్-ఎస్ఐ క్లారిటీ చూసి వచ్చి ఇక్కడ అవే అడిగితే ‘అది తక్కువ రకం’ అన్న జవాబు ఎదురవుతుంది. బడ్జెట్ చూసుకుని కొనేవాళ్లకు అసలు నష్టం ఇక్కడే మొదలవుతోంది. కంటికి ఆనని తేడాలకు డబ్బు పోసి, కంటికి ఆనే మెరుపు దగ్గర రాజీ పడుతున్నారు.

ఆ అక్షరాలు ఏం కొలుస్తాయో చూద్దాం. వజ్రాలను పరీక్షించి నివేదిక ఇచ్చే జీఐఏ ప్రయోగశాల వజ్రం రంగును డీ నుంచి జెడ్ వరకు లెక్కిస్తుంది. డీ, ఈ, ఎఫ్ రంగు లేనివి. జీ నుంచి జే దాకా దాదాపు రంగు లేనివి. ఈ పరీక్షలో రాయిని బోర్లించి, తెల్లటి నేపథ్యంలో, ప్రామాణిక రాళ్ల పక్కన పెట్టి పోలుస్తారు. ఉంగరంలో రాయి బోర్లా ఉండదు, పక్కన పోల్చడానికి ఇంకో రాయీ ఉండదు. ముఖం పైకి ఉన్నప్పుడు లోపలి నుంచి తిరిగొచ్చే వెలుగు ఆ లేత ఛాయను చాలావరకు కప్పేస్తుంది. పైగా మన ఇళ్లలో ఇప్పటికీ మొగ్గు పసుపు బంగారానికే. పసుపు లోహం మధ్య కూర్చున్న వజ్రం ఆ పసుపును ఎలాగూ తనలోకి తీసుకుంటుంది. అర క్యారెట్ లోపు రాయిలో, పసుపు బంగారంలో, ఎఫ్‌కీ ఐకీ తేడాను వేలి మీద చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. జే దాకా దిగినా ఇబ్బంది లేదు. తెల్ల బంగారమో ప్లాటినమో అయితే జీ, హెచ్ దగ్గర ఆగితే చాలు.

క్లారిటీకి మొత్తం 11 మెట్లు. వీవీఎస్ కింద వీఎస్, దాని కింద ఎస్ఐ, ఒక్కోదాంట్లో 1 కంటే 2 కింది మెట్టు. వీవీఎస్ అంటే పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, అంటే లూప్‌తో నిపుణుడు వెతికినా కష్టం మీద దొరికే మచ్చ. అంత సూక్ష్మమైన దాన్ని నిశ్చితార్థానికి వచ్చిన చుట్టాలు చూడబోరు, వేసుకున్న అమ్మాయీ చూడలేదు. మరి మన దగ్గర వీవీఎస్ మీద ఇంత పట్టుదల ఎందుకు? కారణం కేవలం ప్రచారం కాదు. రత్నశాస్త్రాలు బిందువు, రేఖ, కాకపాదం అంటూ వజ్ర దోషాలను చెప్పాయి. నల్ల చుక్క ఉన్న వజ్రం అచ్చిరాదన్న భయం తరాలుగా ఉంది. శుభకార్యానికి కొనేటప్పుడు ఆ భయాన్ని తీసిపారేయక్కర్లేదు. దాన్ని పోగొట్టుకోవడానికి వీవీఎస్ ధర పెట్టక్కర్లేదు కూడా. వీఎస్2 రాయిలోనూ మామూలు కంటికి చుక్క ఆనదు. నలుపు మీద పట్టింపు ఉంటే లూప్ అడిగి, రాయి పైన చదునుగా ఉండే మధ్య పలక కింద నల్లటి స్ఫటికం లేని రాయిని ఎంచుకోవచ్చు. తెల్లటి చిన్న మచ్చ ఉన్న వీఎస్2, నల్ల చుక్క ఉన్న వీఎస్1 పక్కపక్కన ఉంటే, ఆ ఇంటి నమ్మకానికి మొదటిదే సరిపోతుంది. ధరా తక్కువే.

ఎస్ఐ1 దాకా దిగాలనుకుంటే మాత్రం కాగితం చూసి కొనకూడదు, రాయి చూసి కొనాలి. అంచుదాకా పాకిన పగులు ఉంటే వద్దు, రాయి బిగించేటప్పుడో దెబ్బ తగిలినప్పుడో అక్కడే చిట్లుతుంది. మబ్బుల్లాంటి సూక్ష్మ మచ్చలు ఎక్కువైతే రాయి పాలు కలిపినట్టు మసకబారుతుంది. చిన్న రాళ్లకు జీఐఏ ఇచ్చే డోసియర్ నివేదికలో మచ్చల పటం ఉండదు, పేర్లు మాత్రమే ఉంటాయి. క్లారిటీ గ్రేడ్ మబ్బుల ఆధారంగా ఇచ్చామన్న వ్యాఖ్య కింద కనిపిస్తే ఆ రాయిని పగటి వెలుతురులో చూడకుండా ఒప్పుకోవద్దు. వ్యాపారులు తమలో తాము కొనేటప్పుడు ‘నో బీజీఎం’ అని షరతు పెడతారు. గోధుమ ఛాయ, ఆకుపచ్చ ఛాయ, పాల మసక ఉండకూడదని దానర్థం. మామూలు నివేదికలో ఈ మూడూ నేరుగా కనిపించవు. అందుకే వజ్రం చవగ్గా దొరుకుతోందంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

రంగులో, క్లారిటీలో మిగిల్చిన డబ్బు పోయాల్సిన చోటు కోత. వజ్రానికి మెరుపు భూమి ఇచ్చేది కాదు, సూరత్‌లో సాన పట్టిన చేయి ఇచ్చేది. గుండ్రటి బ్రిలియంట్ రాయికి జీఐఏ 2006 నుంచి కోత గ్రేడ్ ఇస్తోంది. ‘ఎక్సలెంట్’ తప్ప మరొకటి తీసుకోవద్దు. ఎక్సలెంట్‌లోనూ తేడాలుంటాయి కాబట్టి నివేదికలో నాలుగు అంకెలు చూడాలి. పై పలక 54 నుంచి 58 శాతం, మొత్తం లోతు 60 నుంచి 62.5 శాతం, పై వాలు కోణం 34 నుంచి 35 డిగ్రీలు, అడుగు కోణం 40.6 నుంచి 41 డిగ్రీలు. ఈ హద్దుల్లో ఉన్న రాయి చాలావరకు నిరాశపరచదు. అడుగు మరీ లోతైతే వెలుగు పక్కల నుంచి జారిపోయి నడిమి భాగం నల్లబడుతుంది. మరీ పలచనైతే పలక లోపల బూడిద రంగు వలయం కనిపిస్తుంది. దుకాణంలోని స్పాట్‌లైట్ల కింద చెత్త కోతకూడా నిప్పురవ్వలు చిమ్ముతుంది. రాయిని గుమ్మం దగ్గరికి తెచ్చి, ఎండ నేరుగా పడని వెలుతురులో, చేతి నీడలో చూస్తేనే నిజం తెలుస్తుంది. అలా చూడనివ్వని దుకాణంలో కొనకపోవడమే మేలు.

కోత బరువుతోనూ ముడిపడి ఉంది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, 100 సెంట్లు. చక్కగా కోసిన 50 సెంట్ల రాయి వెడల్పు సుమారు 5.1 మిల్లీమీటర్లు. అదే 50 సెంట్లు లోతుగా, నడుము (రాయి చుట్టూ ఉండే అంచు) మందంగా కోస్తే 4.9 దగ్గరే ఆగిపోతుంది. పైనుంచి చూస్తే అది 45 సెంట్ల రాయే. మిగతా బరువు అడుగున ఎవరికీ కనబడకుండా కూర్చుంటుంది, ధర మాత్రం పూర్తిగా కట్టాలి. ఇలాంటి రాళ్లు సరిగ్గా 50 సెంట్లు, ఒక క్యారెట్ దగ్గరే ఎక్కువగా తగులుతాయి. ఆ గీత దాటితే క్యారెట్ రేటే పెరుగుతుంది కాబట్టి సాన పట్టేవాళ్లు గీత దాటించడానికి బరువు దాస్తారు. 30, 40, 50, 70, 90 సెంట్లు, ఒక క్యారెట్ అన్నీ అలాంటి గీతలే. అందుకని 50 అడగకుండా 45 నుంచి 48 సెంట్ల మధ్య అడగాలి. వెడల్పులో తేడా మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూగా. ధరలో తేడా అంతకంటే చాలా ఎక్కువ.

ఫ్లోరసెన్స్ అనేది బేరమాడేవాళ్లకు కలిసొచ్చే ఇంకో అంశం. అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగే వజ్రాలకు మార్కెట్ ధర తగ్గిస్తుంది. ఐ, జే రంగుల్లో మీడియం నీలం ఉంటే రాయి ఎండలో కాస్త తెల్లగానే కనిపిస్తుంది. స్ట్రాంగ్, వెరీ స్ట్రాంగ్ అయితే మసక ఉందేమో బయటి వెలుతురులో చూసుకోవాలి.

ఆకారాల సంగతి క్లుప్తంగా. గుండ్రటి రాయికి ముడివజ్రంలో ఎక్కువ భాగం పొడైపోతుంది, అందుకే ఖరీదు. ఓవల్, పేర్ (బేరిపండు ఆకారం) చవక, వేలి మీద పెద్దగానూ కనిపిస్తాయి. నడుమ బో-టైలా నల్లటి నీడ పడుతోందా అని మాత్రం చూడాలి. ఎమరాల్డ్ కోతలో మచ్చ దాగదు కాబట్టి వీఎస్ కంటే దిగొద్దు.

ఒంటిరాయే కావాలన్న పట్టు లేకపోతే ఏడు రాళ్ల ఉంగరం తెలివైన ఎంపిక. ఒక్కోటి సుమారు 3 సెంట్లు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రాళ్లు నడుమ ఒకటి, చుట్టూ ఆరు పెడితే మొత్తం 21 సెంట్లు. చూపుకు మాత్రం 6 మిల్లీమీటర్లు, అంటే 80 సెంట్ల ఒంటిరాయి పరిమాణం. చిన్న రాళ్ల క్యారెట్ రేటు కూడా తక్కువ. అయితే వీటికి విడివిడి నివేదికలుండవు. ఉంగరం మొత్తానికి ఒక ల్యాబ్ కార్డు ఇస్తారు, బిగించిన రాళ్లకు ఇచ్చే గ్రేడ్ ఎప్పుడూ ఉజ్జాయింపే. ల్యాబ్ వజ్రాలు కలిసిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ ఈ చిన్న రాళ్లలోనే.

ఇక ల్యాబ్‌లో పెంచిన వజ్రం. అది నకిలీ కాదు, కార్బన్ స్ఫటికమే. సీవీడీ, హెచ్‌పీహెచ్‌టీ అనే రెండు పద్ధతుల్లో తయారవుతుంది. దుకాణాల్లో వాడే చిన్న టెస్టర్ దాన్నీ ‘డైమండ్’ అనే చూపిస్తుంది. సహజమా కాదా తేల్చాలంటే ప్రత్యేక యంత్రం కావాలి. అదే పరిమాణపు సహజ వజ్రంతో పోలిస్తే ఒక క్యారెట్ ల్యాబ్ రాయి నాలుగో వంతు కంటే తక్కువకే దొరుకుతోంది, ధర ఇంకా దిగుతోంది కూడా. పెద్ద రాయి చేతికి కావాలి, తిరిగి అమ్మే ఆలోచన లేదు అనుకునే జంటకు ఇది నిజాయితీగల ఎంపిక. కానీ ఇక్కడా ఈఎఫ్-వీవీఎస్ పేరు మీద ఎక్కువ అడుగుతున్నారు. ల్యాబ్ రాళ్లలో అత్యధికం ఎలాగూ మంచి రంగు, మంచి క్లారిటీతోనే తయారవుతాయి. అందుకే జీఐఏ 2025 అక్టోబరు నుంచి వాటికి పాత తరహా రంగు, క్లారిటీ గ్రేడ్లు మానేసి ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అని మాత్రమే విడదీస్తోంది. కొందరు అమ్మకందారులు ‘టైప్ టూ-ఏ, కోహినూర్ రకం’ అనీ చెబుతుంటారు. టైప్ టూ-ఏ అంటే నత్రజని దాదాపు లేని వజ్రం. సహజ రాళ్లలో ఆ రకం అరుదు కాబట్టే దానికి అంత పేరు. సీవీడీ రాళ్లు దాదాపు అన్నీ ఆ రకమే కాబట్టి అదనంగా పైసా ఇవ్వనక్కర్లేదు. చూడాల్సింది గోధుమ, బూడిద, నీలి ఛాయలు, ఆపై కోత. బిల్లు మీద ‘ల్యాబ్ గ్రోన్’ అని స్పష్టంగా రాయించుకోవాలి. వజ్రంలా కనిపించే మొయిసనైట్ వేరే పదార్థం, సిలికాన్ కార్బైడ్. ఉష్ణం ఆధారంగా పనిచేసే మామూలు టెస్టర్‌ను అదీ బోల్తా కొట్టిస్తుంది. లూప్‌తో ఏటవాలుగా చూస్తే అడుగు గీతలు రెండేసిగా కనిపిస్తాయి.

‘రేపు అవసరమొస్తే బంగారంలా పనికొస్తుంది’ అన్న వాదన దగ్గర పెద్దవాళ్లు ఆగి ఆలోచించాలి. బంగారానికి రోజువారీ ధర ఉంది, ఏ ఊళ్లోనైనా దాదాపు ఆ ధరకే కొంటారు. వజ్రానికి అలాంటిది లేదు. 1978 నుంచి వెలువడుతున్న రాపాపోర్ట్ ధరల జాబితా వ్యాపారుల బేరానికి ఆధారం మాత్రమే. సహజ వజ్రాల ధరలు 2022 ఆరంభంలో ఎక్కిన ఎత్తు నుంచి గట్టిగానే పడ్డాయి. మార్పిడికి ఎంత శాతం, నగదుకు ఎంత శాతం, అది కొన్న ధర మీదా ఆనాటి ధర మీదా అన్నది బిల్లు మీద రాసి ఉండాలి. నోటిమాట చెల్లదు. వీవీఎస్ కొన్నంత మాత్రాన ఈ లెక్క మారదు.

బడ్జెట్‌ను వెనక నుంచి లెక్కేయడం మంచిది. చేతిలో లక్ష రూపాయలు ఉంటే, నగల మీద జీఎస్టీ 3 శాతం పోను మిగిలేది సుమారు 97,000. 18 క్యారెట్ల బంగారం గ్రాము పది వేలు అనుకుంటే 3 గ్రాముల ఉంగరానికి 30,000. తరుగు, మజూరీ కలిపి 15 శాతం అనుకుంటే 4,500. వజ్రానికి మిగిలేది 62,500. వజ్రం వెతకాల్సింది ఈ అంకె పట్టుకుని, లక్ష పట్టుకుని కాదు. ఉంగరాన్ని 14 క్యారెట్లలో చేయిస్తే ఇంకొంత మిగులుతుంది, రాయికి పట్టు గట్టిగానే ఉంటుంది. 22 క్యారెట్లు మెత్తన, ఒంటిరాయి ఉంగరానికి పనికిరాదు.

బిల్లులో రెండు చోట్ల వేలు పెట్టి చూడాలి. ఒకటి, వజ్రం బరువు తీసేశాకే బంగారం లెక్కకట్టాలి. ఉంగరం 3.40 గ్రాములు తూగి, రాళ్లు 50 సెంట్లు ఉంటే బంగారం 3.30 గ్రాములే. రెండోది, ‘అర క్యారెట్ ఉంగరం’ అన్నది తరచూ రాళ్లన్నీ కలిపిన బరువు. నడిమి రాయి 30 సెంట్లు, పక్క రాళ్లు 20 సెంట్లు అయితే రెంటికీ వేర్వేరు రేట్లు పడాలి. అన్నింటికీ ఒంటిరాయి రేటు వేయడం అన్యాయం.

30 సెంట్లు దాటిన సహజ వజ్రానికి జీఐఏ నివేదిక అడగడం మంచిది. ఒకే రాయికి రెండు ల్యాబులు వేర్వేరు గ్రేడ్లు ఇవ్వడం కద్దు కాబట్టి ధరలు పోల్చేటప్పుడు ఒకే ల్యాబ్ కాగితాలు పక్కపక్కన పెట్టాలి. దుకాణం సొంతంగా ముద్రించిన సర్టిఫికెట్‌కు విలువ లేదు. నివేదిక నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి, కొలతలు సరిపోలుతున్నాయో చూడాలి. నడుము మీద అదే నంబరు లేజర్‌తో చెక్కి ఉంటే బిగించకముందు ఒకసారి, బిగించాక మరోసారి లూప్‌లో చదవాలి. ఆ నంబరు మీద ప్రాంగు (రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కెం) కూర్చోకుండా చూడమని ముందే చెప్పడం మరచిపోవద్దు. బంగారం మీద బీఐఎస్ గుర్తు, 750 లేదా 585 అంకె, ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడికక్కడే సరిచూడొచ్చు. చివరగా ఉంగరాన్ని చున్నీ మీద నాలుగు వైపులా రుద్ది చూడాలి. దారం ఎక్కడ తగులుకుంటే అక్కడ ప్రాంగు పైకి లేచి ఉన్నట్టే. డబ్బు కట్టకముందే దాన్ని వెనక్కిచ్చి బిగించమనాలి.