రాజపురి రేవు తెరచాప గారికి

మహారాజశ్రీ రాజపురి రేవు తెరచాప గారికి, తిరుపతి నుండి నలుగురు మిత్రులు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మేము సిఫారసు లేఖల ఊరివాళ్ళం. తిరుపతిలో ఇల్లు ఉన్న పాపానికి, ఇరవై ఏళ్ళుగా పలకరించని చుట్టం కూడా తెల్లవారుజామున ఫోను చేసి, క్షేమ సమాచారాలు సగంలో ఉండగానే, బ్రేక్ దర్శనానికి లేఖ ఏదైనా దొరుకుతుందా అని అడుగుతాడు. ఏ పనికైనా ఎవరో ఒకరి చేత చెప్పించాలన్నది మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. అందుకే మహారాష్ట్రలోని మురుడ్ దగ్గర అరేబియా సముద్రంలో ఉన్న జంజీరా కోటను చూడబోతూ, మాలో ఒకడు ఒక పెద్దమనిషి లెటర్‌హెడ్ మీద “వీరు మాకు కావలసినవారు, తగు ఏర్పాట్లు చేయగలరు” అని రాయించి, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టించి, మడత నలగకుండా జేబులో పెట్టుకుని వచ్చాడు.

తమరు దానిని చూడనైనా లేదు. రేవులో పడవ ఎక్కి కోటకు సగం దూరం పోయాక గాలి పడిపోయింది. ఏడు చోట్ల అతుకులు పడిన తమరి గుడ్డ తడి పంచెలాగ కొయ్యకు వేలాడింది. మోటారు లేదా అని మావాడు తనకు వచ్చిన హిందీలో అడిగితే, చుక్కాని పట్టిన ముసలాయన గడ్డం ఎత్తి తమరిని చూపించి బీడీ ముట్టించుకున్నాడు. రెట్టింపు ఇస్తామన్న మాకూ, చంటిబిడ్డతో మూలన కూర్చున్న తల్లికీ ఒకే గాలి, ఒకే ఆలస్యం. మా ఊరి భాషలో చెప్పాలంటే తమరి దగ్గర ఉన్నది సర్వదర్శనం ఒక్కటే.

ఆ ఖాళీలో కోట చరిత్ర నెమరువేసుకుంటే తమరి ధీమా ఎక్కడిదో బోధపడింది. ఆఫ్రికా మూలాలు గల సిద్దీల చేతిలో ఉండిన ఈ దీవికి దొడ్డిదారి ఎన్నడూ దొరకలేదు. శివాజీ సేనలు పదే పదే వచ్చి వెనుదిరిగాయి. 1670 ప్రాంతంలో కోట అధిపతి ఫతేఖాన్ అప్పగింతకు ఒప్పుకుంటే, అతని సొంత సర్దారులే అతనిని బంధించారు. అంటే లోపలి మనిషి చేత చెప్పించినా పని కాలేదన్నమాట! శివాజీ కొడుకు శంభాజీ 1682లో ఒడ్డు నుండి సముద్రంలోకి రాళ్ళు పోయించి ఏకంగా బాటే వేయబోయాడు. అదీ పూర్తి కాలేదు. గోడల దగ్గరికంటా పోతేగాని సింహద్వారం కూడా కంటబడని కోట అది.

ఆ ద్వారం ముందు పడవ ఊగుతుండగా మెట్టు మీదికి అడుగు వేయబోయి, మా లేఖధారి నడుము దాకా తడిశాడు.

లోపల మాకు దక్కింది ముప్పావు గంట. కలాల్ బాంగ్డీ ఫిరంగి పక్కన ఫోటోల వరుస మా క్యూ లైన్లకు ఏమాత్రం తీసిపోలేదు కనుక నేను దానిని వదిలేసి, కోట నడుమ ఉన్న మంచినీటి కోనేటి దగ్గర నిలబడిపోయాను. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో తాగే నీళ్ళు. వెయ్యి అడుగులు బోరు దించినా తడి తగలని చిత్తూరు పల్లెలో పుట్టినవాడిని ఫిరంగులు ఏం కదిలిస్తాయి?

తిరుగు ప్రయాణంలో అడగకుండానే గాలి వచ్చింది. తమరు నిండుగా ఉబ్బి, ఏ లేఖా లేకుండానే మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు. ఆకుపచ్చ సంతకం ఉప్పునీటికి కరిగి కాగితమంతా పాకిపోయింది. మావాడు దానిని పారేయడానికి మనసొప్పక, తిరుపతి చేరాక మిద్దె మీద బట్టల తీగకు క్లిప్పు పెట్టి ఆరేశాడు. కొండ గాలి వీచినప్పుడల్లా అది అచ్చం తమరిలాగే ఉబ్బుతోంది.

ఇట్లు,
తమరి సర్వదర్శన భక్తులు