కష్టం తెలియాలంటే ఆర్కిటిక్‌కే వెళ్ళాలి

మన పిల్లలకు కష్టమంటే ఏమిటో తెలియడం లేదు. తెలుగు మధ్యతరగతి ముందు ఇవాళ ఇంతకన్నా పెద్ద సమస్య లేదు. ఏసీ బస్సులో ఏసీ బడికి వెళ్ళి, అటునుంచి ఏసీ ట్యూషన్‌కి వెళ్ళొచ్చే పిల్లవాడితో "మా చిన్నప్పుడు..." అని మొదలుపెట్టి చూడండి. మూడో మాట పూర్తయ్యేలోపు వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు. కష్టం ఊరికే దొరికే రోజులు పోయాయి. ఇప్పుడు కొనుక్కోవాల్సిందే, కొనేటప్పుడు నాణ్యమైనది కొనాలి. అందుకే, బాగా ఆలోచించి, శీతాకాలంలో కుటుంబ సమేతంగా ఆర్కిటిక్ యాత్ర చేయాలని ప్రతిపాదిస్తున్నాను.

లంబసింగి చాలదా అని అడుగుతారు. చాలదు. అక్కడ చలేస్తే పక్కనే వేడి టీ దొరుకుతుంది, బొంగులో చికెన్ దొరుకుతుంది. ఫిన్లాండ్‌లో కిట్టిల ప్రాంతపు పొక్కా అనే పల్లెలో 1999 జనవరిలో మైనస్ 51.5 డిగ్రీలు నమోదైంది. అదీ చలంటే. సరాసరి అక్కడికే వెళ్ళమని అనడం లేదు. 15 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకునే వంశం మనది కాబట్టి మధ్యేమార్గంగా అదే దేశంలోని రొవానియెమి పట్టణం చాలు. ఆ ఊరికి కష్టం కొత్త కాదు. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ పోతూ దాన్ని తగలబెట్టింది. తర్వాత అల్వార్ ఆల్తో అనే వాస్తుశిల్పి రెయిన్‌డీర్ కొమ్ముల ఆకారంలో వీధులు గీసి మళ్ళీ నిలబెట్టాడు. 2010 నుంచి అది శాంటా క్లాజ్ అధికారిక స్వస్థలం కూడా. ఊరి బయట శాంటా గ్రామంలో ఆర్కిటిక్ వృత్తాన్ని, అంటే ఆర్కిటిక్ మొదలయ్యే ఊహారేఖను, గీత గీసి చూపిస్తారు. అసలు వృత్తం ఏటా 14 మీటర్ల చొప్పున ఉత్తరానికి జరిగిపోతోంది. గీత మాత్రం ఉన్నచోటే ఉంది, ఫోటోలు దాని మీదే దిగాలి.

ముందు కాగితాలు. యూరప్ దేశాలు ఉమ్మడిగా ఇచ్చే షెంజెన్ వీసా పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకు ఉచితం. ఆరు నిండకముందే తీసుకెళ్ళడం లాభం. వాడికి పెద్దయ్యాక ఒక్కటీ గుర్తుండదు, కానీ ఫీజు మిగులుతుంది. 30,000 యూరోల ప్రయాణ బీమా చూపించాలి. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా చూపించాలి, ఖాతాలో డబ్బు ఉన్నట్టు కనిపించాలి. విమానం టికెట్లు, అద్దాల ఇగ్లూ అనే గోపురం గది బుక్ చేశాక ఆ ఖాతాలో ఇంకా డబ్బు ఉన్నట్టు కనిపించడం ఎలాగన్నదే కష్టంలో మొదటి పాఠం. అది పిల్లలకు కాదు లెండి.

రెండోది, నెయ్యి. బయటి దేశాల నుంచి ప్రయాణికులు తెచ్చే పాల పదార్థాలనూ మాంసాన్నీ యూరోపియన్ యూనియన్ లోపలికి రానివ్వదు. అంటే అమ్మమ్మ కాచి ఇచ్చిన నెయ్యి సీసా, గోంగూర చికెన్ పచ్చడి విమానాశ్రయంలోనే ఆగిపోతాయి. ఆవకాయ వెళ్తుంది. నెయ్యి లేకుండా ఆవకాయ అన్నం! ఏ గురుకులంలోనూ ఇంత క్రమశిక్షణ నేర్పరు. మాంసం తినేవాళ్ళకు అక్కడే దారుంది. రెయిన్‌డీర్ మాంసం సన్నగా తరిగి వేయించి, బంగాళాదుంప ముద్దతో, ఎర్రటి లింగన్ పళ్ళతో వడ్డిస్తారు. పొద్దున బండి లాగిన జంతువు పేరు రాత్రి మెనూలో కనిపించేసరికి, "నాన్నా, ఇది అదేనా?" అని పిల్ల అడుగుతుంది. జవాబు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్ళండి.

అసలు యాత్ర మాత్రం బట్టల దగ్గరుంది. బనియన్ లేకుండా గడప దాటకూడదన్న నానమ్మ సిద్ధాంతం అక్కడ చెల్లదు. నూలు చెమట పీల్చుకుని, తడిగా ఒంటికి అంటుకుని మరింత వణికిస్తుంది. ముందు మెరీనో ఉన్ని, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చని చొక్కా, ఆపైన అద్దెకు తెచ్చిన, ఒళ్ళంతా కప్పే ఓవరాల్. ఉన్ని సాక్సులు, వాటి మీద వదులుగా ఉండే బూట్లు. బిగుతుగా ఉంటే కాలివేళ్ళు ఇంకా గడ్డకడతాయి. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కాదు, నాలుగు వేళ్ళూ ఒకే గదిలో కాపురముండే మిట్టెన్లు. ఉమ్మడి కుటుంబం గొప్పతనం వేళ్ళకు అక్కడ తెలిసొస్తుంది. ఒక పిల్లకు ఇవన్నీ తొడిగేసరికి తొడుగుతున్న తల్లికి చెమటలు పడతాయి. రెండోవాడికి తొడిగేలోపు మొదటిది మిట్టెన్లు విప్పేస్తుంది. చివరి జిప్ గడ్డం దాకా లాగి, మఫ్లర్ చుట్టి, టోపీ సర్ది, తలుపు మీద చెయ్యి వేసిన ఆ క్షణాన, మఫ్లర్ లోపలినుంచి సన్నగా వినిపిస్తుంది: "అమ్మా, అర్జెంట్." అప్పుడు తండ్రి అనే మాట ఒక్కటే. "ఇందాకే ఎందుకు చెప్పలేదు?" ఆర్కిటిక్ వృత్తం దాటినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

ఫిన్లాండ్‌లో పసిపిల్లల్ని బాగా చుట్టి, బండిలో పెట్టి, చలికాలంలో కూడా ఆరుబయటే పగటి నిద్ర పుచ్చుతారు. అది కష్టమని వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

సంక్రాంతి సెలవులకు నార్వేలోని ట్రోమ్సో వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక హెచ్చరిక. నవంబరు చివర్లో అస్తమించిన సూర్యుడు జనవరి 15 ప్రాంతంలో గానీ అక్కడ మళ్ళీ తొంగిచూడడు. కొండలు అడ్డు కాబట్టి ఊరివాళ్ళు 21న సూర్యుడి రోజు జరుపుకుని, బన్నులు తింటారు. ఉత్తరాయణం వచ్చిందని తాతగారు స్నానం చేసి అర్ఘ్యం పట్టుకుని బాల్కనీలోకి వెళ్తే ఏం చెబుతాం? సూర్యుడు మకరంలోకి వచ్చాడు సరే, ట్రోమ్సోకి ఇంకా రాలేదు.

ఇక అరోరా, అంటే ఆర్కిటిక్ రాత్రి ఆకాశంలో కదిలే పచ్చటి వెలుగు. అదీ ఆ సూర్యుడి చలవే. సూర్యుడి నుంచి వచ్చే కణాలు నూరు కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్‌ను తాకితే ఆ పచ్చదనం వస్తుంది. మబ్బు పడితే కనిపించదు, పట్టకపోయినా కనిపిస్తుందని హామీ లేదు. అందుకే తండ్రులు షేర్ల యాప్ మానేసి అరోరా అవకాశాన్ని అంచనా వేసే కేపీ సూచీ యాప్ చూస్తూ కూర్చుంటారు. అర్ధరాత్రి అలారం మోగగానే నిద్రలో ఉన్న పిల్లలకు పైన చెప్పిన అంచెలన్నీ మళ్ళీ తొడగాలి. తీరా చూస్తే చాలాసార్లు కంటికి అది బూడిద రంగు మబ్బులానే ఉంటుంది, ఫోన్ కెమెరాకే పచ్చగా కనిపిస్తుంది. "ఏది నాన్నా?" అని పిల్లవాడు ఆకాశంలోకి చూస్తాడు. "ఇదిగో" అని మనం స్క్రీన్ చూపించాలి. చలికి ఫోన్ ఆగిపోతే అది కూడా ఉండదు. కాబట్టి ఫోన్‌ను చొక్కా లోపల, గుండెకు దగ్గరగా దాచుకోవాలి. పిల్లల్ని బయటే ఉంచొచ్చు.

ఒక ప్రమాదం మాత్రం ఉంది. ఇంత చేసినా పిల్లలు సంతోషించే అవకాశం ఉంది. హోటల్ ముందు ఊడ్చి పోసిన మంచు కుప్ప కనిపిస్తే చాలు, దాని మీద దొర్లడం మొదలుపెడతారు. పైసా ఖర్చు కాని ఆ ఆటను మొదట్లోనే ఆపించి, హస్కీ కుక్కలు లాగే బండి టికెట్ చేతిలో పెట్టి క్యూలో నిలబెట్టాలి. లేకపోతే కష్టం తెలియకుండానే తిరిగొస్తారు.

సంక్రాంతి సెలవులు ఎలాగూ చాలవు, బడికి లీవ్ లెటర్ పెట్టాలి. వైరల్ ఫీవర్ అని రాసే ఆచారం మనకు ఉంది. ఈసారి అలా రాయకండి. రెయిన్‌డీర్ బండి మీద పిల్లల ఫోటో స్టేటస్‌లో పెట్టకుండా మీరు ఉండలేరు, క్లాస్ టీచర్ నంబరు మీ ఫోన్‌లోనే ఉంది.